దిగిపోయే మనిషి మీద ఫిర్యాదు

నేను చరిత్ర చెప్పుకొని బతికినవాణ్ణి. కోరుట్ల రోడ్డు మీద ఒక చిన్న డిగ్రీ కాలేజీలో, తెలుగు మీడియం పిల్లలకు. ఇందులో ఎవరి పేర్లూ రాయడం లేదు. మనుషుల పేర్లు ఎందుకు రాయలేదో చదువుతుంటే మీకే తెలుస్తుంది. నేను ఏళ్ళ తరబడి పాఠం చెప్పిన స్పెయిన్ వైస్రాయి పేరు రాయకపోవడానికి మాత్రం కారణం చిన్నది. ఆ పేరు మూరెడు పొడుగు. మా పిల్లలకు నోరు తిరిగేది కాదు, నాకు తిరుగుతున్నట్టు నటించేవాణ్ణి. పిల్లలు ఆయన్ని 'మెక్సికో కలెక్టర్' అనేవాళ్ళు. కొన్నాళ్ళకు నేనూ అట్లాగే అన్నాను.

నిజానికి ఆయన మా సిలబస్‌లో లేడు. స్పెయిన్ వాళ్ళ గురించి అందులో ఉన్నది పేజీన్నర. సముద్రం దాటి వచ్చారు, రాజ్యాలు కూల్చారు, వెండి తవ్వుకుపోయారు, అంతే. ప్రశ్న వస్తే ఐదు మార్కులు. జగిత్యాలలో పాత పుస్తకాలమ్మే ఒకాయన దగ్గర నాకు అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకం దొరికింది. నా కాపురం జగిత్యాలలోనే. రోజూ కోరుట్ల బస్సులో కూర్చొని, ఒళ్ళో డిక్షనరీ పెట్టుకొని, ఒక వానాకాలమంతా దాన్ని చదివాను. అందులో ఒక అధ్యాయం ఈయన గురించి.

రెండు వందల ఏళ్ళ కిందటి మాట. తండ్రి కూడా మెక్సికోకు వైస్రాయిగా చేసినవాడే. కొడుకు హవానాలో పుట్టి, సైన్యంలో పెరిగి, చివరికి తండ్రి కూర్చున్న కుర్చీలోకే వచ్చాడు. వచ్చేసరికి రాజభవనం ముందున్న మైదానంలోనే పందులు తిరుగుతున్నాయి, ఆవులు పడుకుంటున్నాయి, కుళ్ళిన కూరగాయల మధ్య తడికల దుకాణాలున్నాయి. పొద్దుగూకితే వీధిలోకి అడుగు పెట్టాలంటే భయం. ఈయన వచ్చి ఊరిని ఊపేశాడు. దుకాణాలు తీయించి వేరేచోట బజారు కట్టించాడు. వీధులకు రాళ్ళు పరిపించాడు, మురుగు కాలువలు బాగు చేయించాడు, దీపాలు పెట్టించాడు, చెత్తకు బండ్లు తిప్పాడు. ఇండ్లకు నంబర్లు వేయించాడు. ఎవరు ఏ పని చేసి బతుకుతున్నారో సహా జనాభా లెక్క రాయించాడు. మైదానం చదును చేస్తుంటే పాత రాజ్యం వాళ్ళ పెద్ద పెద్ద చెక్కుడు రాళ్ళు బయటపడ్డాయి. వాటిని పగలగొట్టించకుండా జాగ్రత్త చేయించాడు. అన్నిటికంటే నాకు నచ్చింది ఒక పెట్టె. తాళం వేసిన పెట్టె పెట్టించి, ఎవరైనా సరే తమ కష్టం రాసి అందులో వేయొచ్చన్నాడు. నేను చదివినంతలో ఆయన నిద్రపోయింది తక్కువ, నవ్వింది తక్కువ, ఆయనకు మిత్రులు ఇంకా తక్కువ.

పాఠం చివర ఒక ఆచారం గురించి చెప్పేవాణ్ణి. స్పెయిన్ వాళ్ళ వలస రాజ్యాల్లో ఎంత పెద్ద అధికారైనా దిగిపోయేటప్పుడు విచారణకు నిలబడాలి. ఫలానా ఆయన దిగిపోతున్నాడు, ఆయన వల్ల నష్టపోయినవాళ్ళు ఇన్ని రోజుల్లోగా వచ్చి చెప్పుకోండి అని ఊర్లో చాటింపు వేస్తారు. మన దగ్గర ఈ ఆచారం ఉంటే ఎట్లుండేదో ఊహించుకోండి అంటే పిల్లలు బెంచీలు చరిచి నవ్వేవాళ్ళు. మా వైస్రాయి మీద కూడా ఫిర్యాదు పడింది. వేసింది ఎవరో కాదు, ఆయన బాగు చేసిన నగరంలోని మున్సిపాలిటీ పెద్దలే. మమ్మల్ని అడగకుండా రోడ్లేశాడు, ఊరి సొమ్ము తగలేశాడు అని. ఆయన తప్పేమీ లేదని పైనుంచి తీర్పు వచ్చేసరికి మనిషి లేడు. ఇక్కడికొచ్చేసరికి నా గొంతు కొంచెం వణికేది. వణుకుతుందని ముందే తెలుసు కాబట్టి ఆ చోట నీళ్ళసీసా మూత తీసేవాణ్ణి.

ఒక ఏడాది, రెండో సంవత్సరం క్లాసులో, వెనక బెంచీ అమ్మాయి లేచి అడిగింది. "సార్, గా మైదానంల దుకాణాలు తీసేయించిండు గదా. గా దుకాణపోళ్ళు యాడికి పోయిన్రు?"

కొత్త బజారుకు పోయి ఉంటారన్నాను.

"అందరికి జాగ దొరికిందా సార్?"

అది పుస్తకంలో లేదు. కూర్చో అన్నాను. నాకు కోపం వచ్చిన మాట నిజం. ఎంతో ప్రేమగా చెప్పుకునే కథలో ఎవరైనా వేలు పెడితే నాకు చిన్నప్పటి నుంచీ కోపమే. ఆ అమ్మాయిది మేడిపల్లి. తండ్రి లేడు. తల్లి బీడీలు చుట్టి ఈ పిల్లను చదివిస్తోంది. ఆ సంగతి నాకు ఎట్లా తెలుసంటే, మా ప్రిన్సిపాలు గారి పుణ్యమా అని అందరి సంగతీ నాకు తెలుసు.

ప్రిన్సిపాలును మేమంతా పెద్ద సారు అనేవాళ్ళం. ధర్మపురి మనిషి. సన్నగా, ఇస్త్రీ లేని తెల్ల చొక్కాతో, ఎండాకాలం కూడా గొడుగు పట్టుకొని వచ్చేవారు. వచ్చిన నెలలోనే కాలేజీ ఆవరణలో తుమ్మపొదలు కొట్టించారు. ఏళ్ళుగా తాళం పడి ఉన్న ఆడపిల్లల మరుగుదొడ్లు తెరిపించి నీళ్ళు పెట్టించారు. పరీక్షల్లో కాపీ చిట్టీలు బంద్. గేటు దగ్గర మిర్చి బండిని రోడ్డు అవతలికి జరిపించారు. లెక్చరర్ల క్లాసుల్లోకి చెప్పా పెట్టకుండా వచ్చి వెనక బెంచీలో పిల్లల మధ్య కూర్చునేవారు. స్టాఫ్ రూములో ఆయన్ని మెచ్చుకున్న మనిషిని నేను చూడలేదు. నాకు మాత్రం లోలోపల ముచ్చటగా ఉండేది, ఎందుకంటే నేను పాఠంలో చదివిన మనిషి గొడుగు పట్టుకొని నా కళ్ళ ముందు తిరుగుతున్నాడు.

ఆయన నా వైస్రాయి పాఠం ఒకరోజు వెనక బెంచీలో కూర్చొని విన్నారు. మరుసటి వారానికి ఆఫీసు వరండాలో ఒక పెట్టె వెలిసింది. కోరుట్లలో గుళ్ళకు హుండీలు చేసే వెల్డర్ దగ్గర చేయించారు. అతను తనకు అలవాటైనట్టే చేసి, పసుపు రంగు వేసి, చీలిక కింద కుంకుమబొట్టు కూడా పెట్టి పంపాడు. పరీక్షల ముందు తాళం తీస్తే అందులో ఫిర్యాదులు మూడు, రూపాయి బిళ్ళలు దోసెడు. హాల్ టికెట్ నంబరు రాసి పసుపు గుడ్డలో కట్టిన ముడుపు కూడా ఒకటి. పెద్ద సారు ఆ రోజు నవ్వారు. నేను చూసినంతలో అదే మొదటిసారి.

జనాభా లెక్క కూడా మొదలుపెట్టారు. ప్రతి పిల్లవాడి ఇంట్లో ఎవరు ఏ పని చేస్తారో క్లాసు ఇన్‌ఛార్జి రాయాలి. నా క్లాసుకు నేనే రాశాను. బీడీలు, వ్యవసాయం, మస్కట్, బీడీలు, దుబాయి, మేస్త్రీ, బీడీలు. రాస్తూ పోతుంటే మా అమ్మ గుర్తొచ్చింది. మాది సిరిసిల్ల. మాకు గజం జాగా లేదు. నాన్న మరమగ్గాల మీద పనిచేసేవాడు, మా దగ్గర వాటిని సాంచాలంటారు. అమ్మ బీడీలు చుట్టేది. బడికి పోయేముందు నేనూ రెండు కట్టలు చుట్టి పోయేవాణ్ణి. క్లాసులో చెయ్యి ముక్కు దగ్గరికి పోతే తంబాకు వాసన వచ్చేది.

ఇక హాజరు సంగతి. అంతకుముందు హాజరు తక్కువున్న పిల్లల్ని ఏదో ఒకటి చేసి పరీక్షకు పంపేవాళ్ళం. పెద్ద సారు దాన్ని ఆపేశారు. హాజరు లేకపోతే హాల్ టికెట్ లేదు. కష్టం నిజమైతే ఉత్తరం రాయాలి, అది క్లాసు ఇన్‌ఛార్జి చేతుల మీదుగా రావాలి, ఇన్‌ఛార్జి రెండు మాటలు రాసి సంతకం పెట్టాలి. వచ్చిన ప్రతి ఉత్తరానికీ జవాబు నోటీసు బోర్డు మీద ఉంటుంది. ఒప్పుకున్నవి ఒక వరుస, ఒప్పుకోనివి ఒక వరుస. లోపల ఏం జరిగిందో బయట తెలియాలి అనేవారు.

మేడిపల్లి అమ్మాయి ఆ ఏడాది రెండు నెలలు సరిగా రాలేదు. ఒకరోజు స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి నాకు ఉత్తరం ఇచ్చింది. అమ్మ జారిపడి కుడి మణికట్టు విరిగిందట. బీడీలు చుట్టేవాళ్ళకు పీఎఫ్ కార్డు ఉంటుంది. నెలనెలా బీడీలు అప్పజెప్తేనే ఆ కార్డు నిలుస్తుంది. అప్పజెప్పకపోతే పేరు కొట్టేస్తారు, రేపు వచ్చే పింఛను కూడా దాంతోనే పోతుంది. అందుకని అమ్మ కార్డు మీద కూతురు చుడుతోంది. ఉత్తరంలో ఇదంతా నాలుగు లైన్లలో రాసింది.

నేను ఏం చేశానో దాచకుండా చెప్తాను. చదివి చిరాకుపడ్డాను. నేను చుట్టలేదా? చుట్టి చదవలేదా? ఒక్కరోజు బడి ఎగ్గొట్టానా? ఇప్పటి పిల్లలకు ప్రతిదానికీ ఒక సాకు అనుకున్నాను. సిరిసిల్లలో మా అమ్మ చెయ్యి ఎప్పుడూ విరగలేదన్న సంగతి నాకు ఆ పూట తట్టలేదు. పైగా మైదానం దుకాణాల ప్రశ్న ఇంకా నా లోపల ఎక్కడో గుచ్చుకునే ఉంది. "చూస్తలే" అన్నాను. ఉత్తరం నా బల్ల సొరుగులో వేశాను. చింపలేదు, పైకి పంపలేదు. రేపు చూద్దాం అనుకొని మర్చిపోయాను అంటే సగం నిజం. రోజూ సొరుగు తెరిచేవాణ్ణి, అది రోజూ కనిపించేది.

హాల్ టికెట్లు వచ్చాయి. ఆ అమ్మాయిది రాలేదు. మళ్ళీ గుమ్మంలో నిలబడింది.

"సార్, నేనిచ్చిన చిట్టి?"

"పెద్ద సారు ఒప్పుకోలే" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత సాఫీగా వచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. స్టాఫ్ రూములో అందరం అన్ని పాపాలూ ఆయన నెత్తిన రుద్దడానికి అలవాటుపడి ఉన్నాం. దాంట్లోకి ఇదొకటి కలిసిపోయింది. ఆ అమ్మాయికి ఏడాది పోయింది. మరుసటి సంవత్సరం తనకంటే చిన్నవాళ్ళతో కలిసి మళ్ళీ అదే క్లాసులో, నా ఎదురుగానే కూర్చుంది. వైస్రాయి పాఠం మళ్ళీ చెప్పాను. ఆమె ఏ ప్రశ్నా అడగలేదు.

ఆ సంవత్సరమే పెద్ద సారు రిటైరయ్యారు. శాలువా, దండ, దేవుడి ఫోటో, భోజనాలు అని మేం మాట్లాడుకుంటుంటే ఆయన స్టాఫ్ రూములోకి వచ్చారు.

"శాలువలు నాకు ఇంట్ల పన్నెండున్నయి" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "సారూ, నీ వైస్రాయి లెక్కనే పోత. నా మీద ఎవలకన్న ఏమన్న ఉంటే అందరి ముందర అచ్చి చెప్పుకొమ్మను. నువ్వు పక్కన కూసోని రాయి" అన్నారు.

అందరూ నా వంక కొరకొరా చూశారు. ఆ వెర్రి ఆయనకు నేనే ఎక్కించానని వాళ్ళ కోపం. నాకైతే ఆ క్షణంలో గర్వంగానే ఉంది. నేను చెప్పిన పాఠాన్ని ఒక మనిషి నిజంగా చేసి చూపిస్తున్నాడు. సొరుగులో ఉత్తరం గుర్తు రాలేదు. గుర్తొచ్చింది ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాక.

చాటింపు కావాలన్నారు. మైకు కట్టిన ఆటో మాట్లాడాం. చీరల సేల్‌కు అరిచి అరిచి అలవాటైన డ్రైవరు, కాగితం మీద నేను రాసిచ్చింది తనకు తోచినట్టు మార్చి, 'ఎవరికి ఏ సమస్య ఉన్నా శనివారం కాలేజీకి తరలి రండి, ప్రిన్సిపాల్ గారు స్వయంగా పరిష్కరించును' అని కోరుట్ల అంతా తిరిగాడు. చుట్టుపక్కల ఊర్లకూ పోయాడు. శనివారం పొద్దున షామియానా వేసి, బల్ల వేసి, పెద్ద సారు కూర్చున్నారు. పక్కన కాగితాల కట్టతో నేను. మా జిల్లాలో షామియానా, బల్ల, పక్కన రాసుకునే మనిషి కనబడితే చాలు, దరఖాస్తు దానంతటదే పుట్టుకొస్తుంది. పదింటికల్లా వరుస గేటు దాటింది.

మొదట వచ్చింది పెగడపల్లి నుంచి ఒక ముసలాయన, పట్టా పాసుపుస్తకం పట్టుకొని. పుస్తకంలో తన భూమి వాళ్ళన్న పేరు మీద ఎక్కిందట. తర్వాత పింఛను రాని ఒకామె. తర్వాత రేషన్ కార్డులో కోడలి పేరు ఎక్కని అత్త. ఇది గవర్నమెంటు ఆఫీసు కాదు, ఈయన మీద ఫిర్యాదు ఉంటేనే చెప్పండి అని నేను గొంతు చించుకున్నాను. ముసలాయన నన్ను జాలిగా చూసి, "ఈయన మీద నాకేముంటది బిడ్డా, ఈయన పుణ్యాత్ముని లెక్క కనపడుతుండు. నా కాయితం తీస్కో" అన్నాడు. పెద్ద సారు ఒక్కరినీ వెనక్కి పంపలేదు. ఎవరి దరఖాస్తు ఏ ఆఫీసుకు పోవాలో పైన తన చేత్తో రాసిచ్చి పంపారు. ఆయన మీద వచ్చిన అసలు ఫిర్యాదు మధ్యాహ్నం దాకా ఒక్కటే, మిర్చి బండి అతనిది. రోడ్డు అవతల గిరాకీ సగమైందన్నాడు. పెద్ద సారు తల ఊపి, "గది నిజమే. నేను గంత దూరం ఆలోచన చెయ్యలే, మాఫ్ చెయ్యి" అన్నారు. నేను రాశాను.

భోజనాల వేళకు మేడిపల్లి అమ్మాయి వాళ్ళమ్మ వచ్చింది. వెనక కూతురు. తల్లి కుడి మణికట్టు అతుక్కుంది గానీ కొంచెం వంకరగా ఉంది. నేను తల వంచుకొని కాగితం సర్దుకున్నాను.

"సారూ, నా బిడ్డకు పోయినేడు హాల్ టికెట్ ఇయ్యలే మీరు" అంది. గొంతు పెంచలేదు. "నా చెయ్యి ఇరిగింది. నా కార్డు పోకుంట నా బిడ్డ చుట్టింది. చిట్టి గూడ రాసింది. మీరు ఒప్పుకోలేదంట. దానికి ఏడాది పోయింది."

పెద్ద సారు అమ్మాయిని అడిగారు. "చిట్టి ఇచ్చినవా బిడ్డా?"

"ఇచ్చిన సార్."

"ఎవలకిచ్చినవ్?"

ఆ అమ్మాయి తల్లి వైపు చూసింది. నా వైపు చూడలేదు. అసలు చూడకుండా ఉండడానికి ఎంత కష్టపడిందో నాకు తెలుస్తోంది. "యాదికి లేదు సార్" అంది.

నేను లేవాల్సిన సమయం అదే. లేవలేదు. చుట్టూ స్టాఫ్, పిల్లలు, ఊరివాళ్ళు. పెద్ద సారు కాసేపు ఆగారు. తర్వాత రెండు చేతులూ జోడించి, "తప్పు నాదే అమ్మా. నేను పెట్టిన హాజరు కాయిదా. నీ బిడ్డ ఏడాది నేను తిరిగియ్యలేను" అన్నారు. నా వైపు తిరగకుండానే, "రాయి సారూ" అన్నారు. ఉత్తరం ఇచ్చినా ప్రిన్సిపాలు ఒప్పుకోలేదు, తప్పు ఒప్పుకున్నారు, అని నా చేత్తో నేను రాశాను. నా దస్తూరి బాగుంటుంది. ఆ రోజు కూడా బాగానే వచ్చింది.

పది రోజులు అన్నం సహించలేదు. పదకొండో రోజు ధర్మపురి బస్సెక్కాను. పెద్ద సారు ఇంటి ముందు అరుగు మీద పల్లీలు ఒలుస్తున్నారు. కూర్చోమని ఒక గుప్పెడు నా ముందు పోశారు. నేను అంతా చెప్పాను. సొరుగు, అబద్ధం, అన్నీ. ఆయన ఒలవడం ఆపలేదు.

"చిట్టి అయితే నా దాకా రాలేదని నాకు ఎరికే" అన్నారు. "అచ్చిన చిట్టీలన్నీ బోర్డు మీద పెట్టినం గదా. గా పిల్ల పేరు ఏ వరుసల లేదు. నువ్వు లేస్తవని జరసేపు చూసిన."

"మీరు అప్పుడే ఎందుకు చెప్పలేదు సార్?"

"గా పిల్ల యాదికి లేదన్నది. ఎందుకన్నదో సమజైంది. ఇంకో ఏడాది నీ క్లాసుల కూసోవాలె గదా అది." పల్లీ పొట్టు ఊది, "నాకు చెప్తే ఏమొస్తది? నాకేం పోలే. నాది సర్వీసు అయిపోయింది. ఎవలకు పోయిందో ఆడ చెప్పుపో" అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

మరునాడు మేడిపల్లి పోయాను. రేకుల ఇల్లు. గుమ్మంలో వెలుతురుకు తల్లీ కూతురూ చాటలు ఒళ్ళో పెట్టుకొని చుడుతున్నారు. తల్లి వంకర మణికట్టుతోనే ఆకు చుట్టి, మూతి మడిచి, దారం కడుతోంది. నన్ను చూసి అమ్మాయి లేచి లోపలికి పోయి కుర్చీ తెచ్చింది. నేను కుర్చీలో కూర్చోలేదు, గడప దగ్గర కూర్చున్నాను. ఆమెకు అది ఇబ్బందిగా ఉందని తెలిసి కూడా కూర్చున్నాను.

"అక్కా, ఆ చిట్టి పెద్ద సారుకు నేనే ఇయ్యలే. నా దగ్గర్నే పెట్టుకున్న" అన్నాను. చెప్పేటప్పుడు నా భాష మళ్ళీ సిరిసిల్ల భాష అయిపోయింది.

ఆమె చెయ్యి ఆగలేదు. "ఎరికే సార్" అంది.

నేను బిత్తరపోయాను.

"బోర్డు మీద దాని పేరే లేదట గదా. అప్పుడే అచ్చి చెప్పింది, చిట్టి సార్ కాడ్నే ఆగిందమ్మా అని."

"మరి శనివారం ఆయన మీద ఎందుకు చెప్పినవ్?"

ఆమె కట్టిన బీడీ చాటలో వేసి మరో ఆకు తీసింది. "ఆయన దిగిపోయెటోడు సార్. ఆయన మీద చెప్తే ఎవలకేం గాదు. మీరు ఉండెటోళ్ళు. మార్కులేసేది మీరు. మీ మీద చెప్పి నా బిడ్డను మీ ముందర ఎట్ల కూసోపెడుత?"

నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఇరవై ఏళ్ళుగా ఆ వైస్రాయి విచారణ గురించి గొంతు వణికించి చెప్పాను. దిగిపోయే పెద్దవాడి మీద జనం ఎందుకు చెప్పుకోగలరో, ఉండిపోయే చిన్నవాడి మీద ఎందుకు చెప్పుకోలేరో ఒక్క ఏడాదీ ఆలోచించలేదు. మెక్సికో మైదానంలో దుకాణదారును కర్రతో తోలినవాడు వైస్రాయి కాదు, నాలాంటి ఎవడో ఒక చిన్న ఉద్యోగి. వాడు ఆ తర్వాత కూడా ఆ వీధిలోనే తిరిగి ఉంటాడు.

రేపే కాలేజీకి పోయి, ఆ కాగితం దిద్ది, నా పేరు రాసి కొత్త ప్రిన్సిపాలుకు ఇస్తానన్నాను. అమ్మాయి మొదటిసారి తలెత్తి చూసింది, వాళ్ళమ్మ వైపు. తల్లి తల అడ్డంగా ఊపింది.

"గట్ల రాయకుండ్రి సార్. మిమ్ముల తీసేస్తరు, లేకుంటే ఎటన్న పంపిస్తరు. కొత్తాయన అస్తడు. ఆయన ఎసొంటోడో నాకేమెరుక? మీకైతే ఇప్పుడు జర భయం పట్టింది. గా భయంతోని నా బిడ్డ ఎల్లిపోతది. దాని పట్టా చేతికచ్చినంక ఏమన్న రాసుకోండ్రి."

సరే అక్కా అన్నాను. చాయ్ ఇచ్చింది, తాగాను. ఆ రోజు నుంచి ఆ అమ్మాయి చదువు ముగిసేదాకా నా క్లాసులో ఎవరు ఉత్తరం ఇచ్చినా, వాళ్ళ ఎదురుగానే సంతకం పెట్టి, నేనే నడిచిపోయి ఆఫీసులో ఇచ్చి వచ్చాను. మంచితనం కాదు అది. ఆమె చెప్పిన భయమే.

ఆ అమ్మాయి డిగ్రీ పట్టా తీసుకుంది. ఇప్పుడు జగిత్యాలలో ఉద్యోగం చేసుకుంటోంది, వాళ్ళమ్మ బీడీల పని మానేసింది. పోయిన నెల నేనూ రిటైరయ్యాను. శాలువా కప్పారు, కప్పించుకున్నాను. నా మీద ఏమన్నా ఉంటే చెప్పమని ఎవరినీ అడగలేదు, ఆ ధైర్యం నాకు రాలేదు. ఆ శనివారం కాగితం ఇప్పటికీ కాలేజీ బీరువాలో ఉంది, నా అందమైన దస్తూరితో. అందులో తప్పు పెద్ద సారుదని ఉంటుంది. ఎవరైనా తెరిచి చదివితే దాని పక్కన ఇది కూడా పెట్టి చదవాలి. ఉత్తరం ఆయన దాకా పోలేదు. నా సొరుగులోనే ఉండింది, నేను రోజూ చూశాను.